తోడు ఎవరింటిది?

చదరంగంలో దొంగతనానికి తావు లేదని నాబోటివాళ్ల నమ్మకం. పేకాటలో ముక్క దాచవచ్చు. తూకంలో రాయి మార్చవచ్చు. చదరంగంలో ఏం దాస్తారు? 64 గళ్లూ ఇద్దరి కళ్లెదుటా వుంటాయి. 32 పావులూ లెక్కకు దొరుకుతాయి. ఎత్తు వేసేముందు ఎంతసేపు గుంజాటన పడినా, వేసిన తరువాత అది అందరి సొత్తే. నిన్న ఒక మహానుభావుడు వేసిన ఎత్తు ఇవాళ మనం వేస్తే ఎవరూ దొంగ అనరు సరిగదా, "బాగా చదువుకున్నాడే!" అని మెచ్చుకుంటారు.

అటువంటి ఆటలో, ఇతరుల సొత్తు ఎత్తుకున్నాడన్న నేరం మీద ఒకాయన నాలుగు ప్రపంచ బిరుదులు పోగొట్టుకున్నాడనీ, పేరుమోసిన కంపెనీ ఒకటి కోర్టులో నిలబడవలసి వచ్చిందనీ మా మేనల్లుడు చెబితే మొదట నేను నమ్మలేదు. అయితే ఈ తగాదాలు ఆట ఆడేవాళ్ల మధ్య వచ్చినవి కావు. చదరంగం ఆడే ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ల మధ్య వచ్చినవి.

మావాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఎనిమిది నెలల పాటు రాత్రిళ్లు కూర్చుని సొంతంగా ఒక చదరంగం ఇంజను రాశాడు. ఇంజనంటే రైలును లాగేది కాదు. కంప్యూటరులో కూర్చుని ఎత్తులు ఆలోచించే ప్రోగ్రామును వాళ్లు అలా పిలుస్తారు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, నా పాత చెక్కబల్ల మీద పావులు పరిచి, అది ఎలా ఆలోచిస్తుందో నాకు బోధపరిచాడు.

"మొదట దానికి నియమాలు తెలియాలి, మామయ్యా. ఆట ఆరంభంలో తెల్లవాడు వేయదగిన ఎత్తులు 20. బంట్లవి 16, గుర్రాలవి 4. నల్లవాడి జవాబులూ ఇరవయ్యే. అంటే చెరొక ఎత్తూ వేసేసరికే 400 దారులు. అక్కణ్ణించి అడవి."

"ఆ అడవంతా తిరుగుతుందా మీ ఇంజను?"

"తిరగలేదు. ఒక ఎత్తు వేస్తే ఎదుటివాడి దగ్గర చావుదెబ్బ ఒకటి కనబడిందనుకోండి, ఇక వాడి మిగతా జవాబులు చూడక్కర్లేదు. ఆ కొమ్మను అక్కడే నరికేస్తుంది."

పుచ్చు వంకాయని తెలిశాక దాన్ని ఇంకో పక్క కోసి చూడం గదా, అదే న్యాయం అనుకున్నాను.

ఇక మూడో సంగతి అంచనా. దారి చివర నిలబడి, ఎవరి పరిస్థితి మెరుగో ఒక అంకె చెప్పాలి. మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకూ గుర్రానికీ మూడేసి, బంటుకు 1 అన్న లెక్క పాతదే. దాని మీద ఇంకా సవాలక్ష వున్నాయి. రాజు చాటున వున్నాడా, ఒకే వరుసలో రెండు బంట్లు ఇరుక్కున్నాయా, ఏనుగు ముందు దారి తెరిచి వుందా - ఒక్కొక్కదానికీ ఇన్ని మార్కులని వేసుకుంటూ పోవాలి.

"ఇదంతా నువ్వు కనిపెట్టావుట్రా?" అన్నాను మురిసిపోతూ.

"అబ్బే, ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. క్లాడ్ షానన్ అనే ఆయన 1950లోనే ఇందులో చాలా భాగం ఒక వ్యాసంలో రాశాడు. ట్యూరింగ్ అయితే, తన ప్రోగ్రాము నడిపే యంత్రం లేక, 1952లో తనే కాగితం మీద లెక్కలు వేసుకుంటూ ఒక్కొక్క ఎత్తూ ఆడాడు."

"మరి నీదేముంది?"

వాడు కాసేపు ఆలోచించాడు. "రాసింది నాది, మామయ్యా. ఒకసారి ఏ కారణమూ లేకుండా మంత్రిని బలి ఇచ్చేసేది. ఎందుకో కనుక్కునేసరికి మూడు రాత్రులు పట్టింది. ఆ మూడు రాత్రులూ నావి."

ఆ మాటతోపాటు వాడి కడుపులో వున్నదీ బయటికి వచ్చింది. వాళ్ల కాలేజీలో పోటీ పెట్టారట. తోటి విద్యార్థి ఒకడు, లోకంలో అందరికీ ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అనే మహా ఇంజనును దింపుకుని, పేరు మార్చి, బల్లకు రంగులు మార్చి, తన పేరు పెట్టుకుని ఒక్క సాయంత్రంలో పని ముగించాడు. మొదటి బహుమతి అతనికే వచ్చింది. మావాడి ఇంజను దాని చేతిలో 31 ఎత్తుల్లో చచ్చింది.

"నేనూ అలాగే చేసివుంటే తప్పేముంది, మామయ్యా? అందరూ వాడుకోండనే గదా వాళ్లు దాన్ని బయటపెట్టారు?"

ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు. వాడుకోమన్నదాన్ని వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? తరువాత నాలుగు రోజులపాటు మామా అల్లుళ్లం కూర్చుని, ఈ రంగంలో జరిగిన కథలు వెతుక్కుని చదివాం. వాటిలో రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తేగాని నాకు విషయం తెలిసిరాలేదు. చిత్రమేమిటంటే రెండూ చేపల పేర్లే.

మొదటిది రైబ్కా. చెక్ భాషలో ఆ మాటకు చిన్న చేప అని అర్థం. దాన్ని రాసినవాడు వాసిక్ రైలిక్, తానూ గట్టి ఆటగాడే, ఇంటర్నేషనల్ మాస్టరు. 2005 డిసెంబరులో ఈ చిన్న చేప బయటికి వచ్చి, అప్పటిదాకా ఏలుతున్న పెద్ద చేపలన్నిటినీ మింగేసింది. 2007 నుంచి 2010 వరకూ వరసగా నాలుగేళ్లు ప్రపంచ కంప్యూటర్ చదరంగం బిరుదు దానిదే.

దానికి ఆరు నెలల ముందు, 2005లోనే, ఫ్రాన్సు దేశస్థుడు ఫేబియన్ లెతూజే తన ఇంజను 'ఫ్రూట్' లోగుట్టంతా, రాసిన ప్రతి పంక్తీ, లోకానికి బయటపెట్టాడు. చక్కగా, పొందికగా రాసిన ప్రోగ్రాము. ఆ రంగంలో వున్నవాళ్లందరూ దాన్ని చదివారు. రైలిక్ కూడా తాను ఫ్రూట్‌ను మొదటినుంచి చివరిదాకా తిరగేసి చాలా సంగతులు తీసుకున్నానని ఆ రోజుల్లోనే ఒప్పుకున్నాడు. తీసుకున్నది ఆలోచనలా, లేక రాతా? గొడవంతా ఆ ఒక్క ముక్క మీదే.

2011 మొదట్లో లెతూజే ఒక బహిరంగ లేఖ రాసి ఈ సంగతి తేల్చమన్నాడు. పోటీలు నడిపే ఐసీజీఏ అనే సంఘం విచారణ జరిపింది. ఆ పోటీల్లో దిగే ఇంజను, దించినవాళ్ల సొంత రచనే అయివుండాలనీ, ఇతరులది ఏదైనా వుంటే ముందే చెప్పాలనీ నియమం. రైబ్కా మూలం ఎవరి దగ్గరా లేదు గనుక, యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపాన్ని విప్పి, ఫ్రూట్ పక్కన పెట్టి పోల్చారు. రాజు భద్రతకూ, బంట్ల అమరికకూ, ఏనుగు దారికీ లెక్కలు కట్టే పద్ధతి రెండింటిలోనూ ఒక్కలాగే వున్నదని తేల్చారు. అంతకు ముందటి రైబ్కాలో, రాబర్ట్ హయత్ అనే అమెరికన్ ఆచార్యుడు రాసి అందరికీ చూపిన 'క్రాఫ్టీ' ముక్కలు కూడా కనిపించాయన్నారు. 2011 జూన్‌లో బిరుదులన్నీ రద్దుచేసి, రైలిక్‌ను జీవితాంతం వెలివేశారు.

ఆయన మాత్రం తాను రాసిన కోడ్ తనదేనని వాదించాడు. ఆయన పక్షాన మాట్లాడినవాళ్లూ లేకపోలేదు. 2015లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే వారి నీతి సంఘం, ఆ జీవితకాల బహిష్కారం విషయంలో ఐసీజీఏనే హెచ్చరించింది. కాబట్టి కథ అంత తెలుపూ కాదు, అంత నలుపూ కాదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఫ్రూట్ చదివినవాళ్లు వందలమంది వున్నారు. వాళ్లందరూ రైబ్కాను తయారుచేయలేకపోయారు. ఆయన కలిపింది తక్కువేమీ కాదు.

ఇక రెండో చేప. నార్వేలో టోర్డ్ రోమ్‌స్టాడ్ అనే ఆయన గ్లౌరుంగ్ అనే ఇంజను రాసి, దాన్నీ లోకానికి తెరిచిపెట్టాడు. 2008లో ఇటలీవాడు మార్కో కోస్టాల్బా దాన్ని మొత్తంగా తీసుకున్నాడు. ఒక ముక్కా రెండు ముక్కలూ కాదు, మొత్తం! తీసుకుని, తనకు తోచిన మెరుగులు దిద్ది, కొత్త పేరు పెట్టాడు: స్టాక్‌ఫిష్. అంటే నార్వేవాళ్లు చలిగాలికి ఆరబెట్టే ఎండుచేప. నార్వేలో పుట్టి ఇటలీలో వండుకున్నది గనుక ఆ పేరన్నమాట. ఇంకొకరిది తీసుకున్నానన్న సంగతి పేరులోనే చెప్పేశాడు మహానుభావుడు!

అసలాయనకు కోపం వచ్చిందా? రాలేదు. రోమ్‌స్టాడ్ తనూ వచ్చి స్టాక్‌ఫిష్‌లో చేరాడు, ఫిన్లాండు నుంచి యోనా కీస్కి చేరాడు, తరువాత ఎందరో. 2013 నుంచి స్వచ్ఛందంగా వేలాది ఆటలు ఆడించి పరీక్షించే ఏర్పాటు ఒకటి వచ్చింది. ఎవరైనా ఒక చిన్న మార్పు సూచిస్తే, ఎక్కడెక్కడి వాళ్లో తమ ఇళ్లలోని కంప్యూటర్లను అరువిచ్చి, పాతదానికీ కొత్తదానికీ పోటీ పెడతారు. గెలిస్తేనే మార్పు నిలుస్తుంది. నిలిచిందా, మార్చినవాడి పేరు కర్తల జాబితాలో ఎక్కుతుంది.

స్టాక్‌ఫిష్ కూడా పొరుగింటికి వెళ్లింది. 2018లో జపాను చదరంగమైన షోగీ కోసం యు నాసు అనే ఆయన, తక్కువ లెక్కతో చురుగ్గా అంచనా కట్టే ఒక నాడీజాలం పద్ధతి రూపొందించాడు. 2020లో దాన్ని స్టాక్‌ఫిష్‌లోకి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నామని చెప్పుకున్నారు కూడా. దాని బలం ఒక్కసారిగా పెరిగింది.

ఇప్పుడు చూడండి. తీసుకున్న పరిమాణం బట్టి నేరం కట్టవలసివస్తే, కోస్టాల్బా రైలిక్ కన్నా ఎక్కువ తీసుకున్నాడు. అయినా అతన్ని ఎవరూ దొంగ అనలేదు.

ఈ తేడా నాకు మా వంటింట్లో దొరికింది. మన ఇళ్లలో పాలు తోడుపెట్టే వేళకు పెరుగు మిగలకపోతే ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతాం. "పిన్నిగారూ, కాస్త తోడు వుంటే వేయండి" అంటాం. ఆవిడ చెంచాడు వేస్తుంది. తెల్లవారేసరికి మన పాలు పేరుకుంటాయి. ఆ పెరుగు మనదా, ఆవిడదా? పాలు మనవి, కాచింది మనం, తోడు ఆవిడది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాని రేపు ఇంకొకరు గిన్నె పట్టుకుని మన గుమ్మంలోకి వస్తే, "మా పెరుగు మేమే కనిపెట్టాం, ఎవరికీ వేయం" అని తలుపేసుకుంటే? పక్కింటి పిన్నిగారు చూస్తూ వుంటుంది గదా!

ఈ వంటింటి న్యాయాన్నే రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ 1989లో చట్టం భాషలో పెట్టాడు. దాని పేరు జీపీఎల్. నా ప్రోగ్రాము తీసుకో, మార్చుకో, కావలిస్తే అమ్ముకో కూడా. అయితే దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు మూలం కూడా ఇవ్వాలి; వాళ్లకూ అదే హక్కు ఇవ్వాలి; మొదటి కర్తల పేర్లు చెరపకూడదు. ఫ్రూట్ అలా ఇచ్చిందే, గ్లౌరుంగ్ అలా ఇచ్చిందే, స్టాక్‌ఫిష్ ఇప్పటికీ అలా ఇస్తున్నదే. ఉచితం అంటే షరతు లేదని కాదు. మావాడి తోటి విద్యార్థికి తెలియనిది, లేదా తెలిసీ తెలియనట్టు వున్నది, ఇదే.

షరతు మరిస్తే ఏమవుతుందో 2021లో పెద్దవాళ్లే చూశారు. జర్మనీలోని ఛెస్‌బేస్ కంపెనీ ఆ ఫిబ్రవరిలో 'ఫ్యాట్ ఫ్రిట్జ్ 2' అని ఒక ఇంజను సుమారు 100 యూరోల ధరకు అమ్మకానికి పెట్టింది. లోపల వున్నది స్టాక్‌ఫిష్. ముఖ్యంగా మార్చింది అంచనా కట్టే నాడీజాలాన్ని. అమ్మటం తప్పని ఎవరూ అనలేదు. కొనేవాళ్లకు లోపల వున్నది ఏమిటో, దానిమీద వాళ్లకున్న హక్కులేమిటో సరిగా చెప్పలేదనే స్టాక్‌ఫిష్ వాళ్ల ఫిర్యాదు. జూలైలో ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతి రద్దయిందని చెప్పి మ్యూనిక్ కోర్టులో దావా వేశారు. 2022 నవంబరులో రాజీ కుదిరింది. ఆ సరుకు అమ్మటం మానటానికీ, ఇకముందు ఇలాంటి షరతులు పాటిస్తున్నామా లేదా అని చూసేందుకు ఒక ఉద్యోగిని నియమించటానికీ కంపెనీ ఒప్పుకుంది. జీతం తీసుకోని మనుషులు, పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు కోడ్ రాసేవాళ్లు, కోర్టుకెక్కి సాధించింది డబ్బు కాదు. తోడు ఎవరిదో చెప్పాలన్న మాట.

మనకు ఇది కొత్త నీతి కాదు. భారతం వ్యాసునిది. తెలుగులోకి తెచ్చిన నన్నయను ఎవరూ దొంగ అనరు. పైగా ఆయన తనకు సాయపడిన నారాయణభట్టును కావ్యం మొదట్లోనే తలచుకున్నాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో, ఒకరి మాటలూ భావాలూ మరొకరు తీసుకోవటంలో ఎన్ని రకాలున్నాయో విడదీసి అధ్యాయాలే రాశాడు. ఎరువు లేకుండా ఎవరూ రాయలేరని ఆ పండితులకు తెలుసు. ఎరువుకూ చౌర్యానికీ గీత ఎక్కడ గీయాలన్నదే వాళ్ల బాధ. ఈ కంప్యూటరు కవులదీ అదే బాధ.

మరి సొంతంగా రాయటం ఎందుకు? మంచి తోడు ఊరంతటికీ దొరుకుతున్నప్పుడు, గుర్రం ఎటు గెంతాలో మొదటినుంచి నేర్పుకుంటూ కూర్చోవటం వెర్రి కాదా? ఈ ప్రశ్న మా చెల్లెలు వేసింది, ఫోనులో.

"లోకమంతా అలాగే చేస్తుంటే వాడికే ఎందుకన్నయ్యా ఈ పట్టుదల? వచ్చే ఏడు ఉద్యోగాలకు వచ్చేవాళ్లు బహుమతి చూస్తారు గాని, వాడి మూడు రాత్రులు చూస్తారా?"

తల్లి మనసు; తప్పు పట్టలేం. "వాడి ఇంజను ఒక ఎత్తు ఎందుకు వేసిందో ఎవరైనా అడిగితే వాడు చెప్పగలడమ్మా. ఆ రెండోవాడు చెప్పలేడు" అన్నాను.

"అడుగుతారంటావా?"

"అడగకపోవచ్చు" అన్నాను. అబద్ధం ఆడలేకపోయాను.

నిజానికి పోటీలకు సొంత రచనే వుండాలన్న నియమం పెట్టటంలో అర్థం లేకపోలేదు. అందరూ ఒకే తోడు తెచ్చుకుంటే, పది గిన్నెల్లోనూ ఒకే పెరుగు. పది పేర్లతో ఒకే ఇంజను తనతో తనే ఆడుకుంటుంది. ఎవరో ఒకరు వేరే దారిన ఆలోచించాలి. చాలామంది ఓడిపోయినా సరే. షోగీ ఆడే జపానులో ఒకరు వేరుగా ఆలోచించబట్టే గదా స్టాక్‌ఫిష్‌కు కొత్త చూపు వచ్చింది! అరువుకు వెళ్లాలన్నా, ఏదో ఒక ఇంట్లో పొయ్యి వెలగాలి.

మావాడు సెలవులు అయిపోయేలోగా తన ప్రోగ్రాము మొదటి పుటలో ఒక జాబితా రాశాడు. నాకు చదివి వినిపించాడు. ఫలానా పద్ధతి షానన్ వ్యాసంలోనిది. కొమ్మలు నరికే పద్ధతి అందరికీ తెలిసినది, నేర్చుకున్నది ఫలానా పుస్తకంలో. పావుల విలువలు పాత లెక్క. బంట్ల అంచనా ఫ్రూట్ చదివి అర్థం చేసుకున్నది, రాత నాది. అలా తెచ్చుకున్నవి పద్నాలుగు తేలాయి. కింద, తనకే తోచినవి అని మరో శీర్షిక పెట్టి, రెండు రాసి ఆగిపోయాడు.

"రెండేనా మామయ్యా? చదివితే నవ్వరూ?"

"నీ వయసులో రెండు వున్నవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు నాయనా. వుంచు" అన్నాను.

వుంచాడు. ఇంజను ఇప్పటికీ ఓడిపోతూనే వుంది. ఈమధ్య 31 ఎత్తులకు బదులు 46 ఎత్తుల దాకా నిలబడుతున్నదని ఉత్తరం లాంటి పెద్ద సందేశం పంపాడు. మంత్రి గండం తప్పిందట, ఇప్పుడు రాజు పక్కన ఏదో లోపం వుందట, పట్టుకుంటాడట.

మన పిల్లలు బడి ప్రదర్శనలకు నమూనాలు చేస్తారు, కాలేజీలకు ప్రాజెక్టులు రాస్తారు. ఈ రోజుల్లో ఏది కావలసినా మీట నొక్కితే తయారుగా వస్తోంది. తేవద్దని చెప్పి లాభం లేదు, చెప్పనూ కూడదు. అలా తెచ్చుకునే లోకం ఇంతదయింది. అయితే బిడ్డ బహుమతి పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు, "ఎన్నో స్థానంరా?" అని అడిగే నోటితోనే, "ఇందులో ఎవరెవరివి ఏమేం వున్నాయి?" అని కూడా ఒక మాట అడిగి చూడండి. దొంగను పట్టుకునే గొంతుతో కాదు. తోడు ఎవరింటినుంచి తెచ్చావని పిన్నిగారు అడిగే గొంతుతో. పిల్లలు తడుముకోకుండా చెబితే సంతోషించండి. ఆ చెప్పేవాటి చివర "ఇది మాత్రం నాదే" అని చిన్నది ఏదైనా వుంటే, దాన్ని కాస్త సావకాశంగా కూర్చుని చూడండి.